నోటు వెనకవైపు

మా నాన్న పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున నాలుగు ప్రోనోట్లు దొరికాయి. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకాలు, కింద సాక్షులు, నూటికి రెండు రూపాయల వడ్డీ, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. తెలిసిన వకీలుకు చూపిస్తే తేదీలు చూసి, మడతలు చెడకుండా మడిచి నా చేతికిచ్చేశాడు. "కాలదోషం పట్టింది" అన్నాడు. అంతవరకూ అది పంచాంగంలో మాటేమో అనుకునేవాణ్ని.

ఆ వకీలే 2025 ఫిబ్రవరిలో ఫోన్ చేశాడు. తెనాలి పక్కన ఒక ఊళ్లో 9వ తేదీ ఆదివారం న్యాయ విజ్ఞాన సదస్సు ఉంది, చూద్దువుగాని రమ్మన్నాడు.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, రెండు వేపచెట్లకు కట్టిన ఫ్లెక్సీ. మినుము పీకే రోజులు కావడంతో పది దాటినా సగం కుర్చీలు ఖాళీ. పారా లీగల్ వాలంటీరుగా పనిచేసే అమ్మాయి ఆ ఊరి కోడలే. "కాగితాలేమన్నా ఉంటే తెచ్చుకోండి" అని ముందురోజు ఇంటింటికీ తిరిగి చెప్పిందట. ఆ ఒక్క మాటే పనిచేసింది. పదిన్నరకల్లా పాలిథిన్ కవర్లు, బట్టలకొట్టు సంచులు చంకన పెట్టుకుని జనం రావడం మొదలైంది.

ముందు జడ్జిగారు మాట్లాడారు. మండల న్యాయ సేవాధికార కమిటీకి ఆయనే అధ్యక్షులు. డబ్బు లేదన్న కారణంగా ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదని 1976లో రాజ్యాంగంలో 39ఏ అధికరణ చేర్చారనీ, అందుకోసం 1987లో చేసిన చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చిందనీ చెప్పారు. వెనక వరసలో ఇద్దరు కునుకు తీశారు. "ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వీళ్లకి ఆదాయం ఎంతన్నదానితో పనిలేదు, వకీలు ఉచితం" అన్నప్పుడు మాత్రం ముందు వరసలో ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచింది. "ఆడాళ్లందరికీనంట!"

తర్వాత ఒక కుర్ర వకీలు మైకు అందుకున్నాడు. 2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాయి, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు చెయ్యొచ్చు, ఎఫ్‌ఐఆర్ నకలు పైసా ఇవ్వకుండా తీసుకోవడం మీ హక్కు, సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లని స్టేషనుకి రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి అని గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. మోసానికి పాత 420 సెక్షను పోయి 318 వచ్చిందనగానే షామియానా పక్క నుంచి ఒకాయన, "అయితే మా బావమరిదిని ఇకనుంచి ఏమని తిట్టాలి బాబూ?" అన్నాడు. జడ్జిగారు కూడా నవ్వేశారు.

పన్నెండు గంటలకు ఉపన్యాసాలు ఆగిపోయి, పంచాయతీ వరండాలో మూడు బల్లలు వేశారు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో వకీలు. అసలు సదస్సు అప్పుడు మొదలైంది.

మొదటి బల్ల దగ్గర ఒక ముసలాయన సెటిల్‌మెంట్ దస్తావేజు పట్టుకుని కూర్చున్నాడు. ఇల్లు కొడుక్కి రాసిచ్చాడు. ఇప్పుడు అదే ఇంటి వసారాలో ఉంటున్నాడు. వకీలు దస్తావేజు మొత్తం వేలితో వెతికాడు. పోషిస్తాడన్న షరతు మీద ఇచ్చినట్టు ఎక్కడైనా రాసి ఉందా అని చూస్తున్నాడట. తల్లిదండ్రుల పోషణకు 2007లో చేసిన చట్టం ప్రకారం ఆ షరతు మీద ఆస్తి పుచ్చుకుని చూడకపోతే, దస్తావేజు చెల్లదని ప్రకటించమని అడగొచ్చు. ఆ వాక్యం దొరకలేదు. "అది లేకపోతే దస్తావేజు కదల్చడం కష్టం బాబాయ్. నెలనెలా మనోవర్తికి మాత్రం ఆర్డీవో గారికి అర్జీ పెట్టండి. దానికి వకీలక్కర్లేదు. అక్కడ వకీళ్లు వాదించకూడదని ఆ చట్టంలోనే రాశారు" అన్నాడు. నువ్వు రాకుండా అదెలా అవుతుందన్నట్టు ముసలాయన ఆయన కోటు వంక చూశాడు.

రెండో బల్ల దగ్గర ఒక నడివయసామె వచ్చింది పుట్టింటి వాటా అడగడానికి. కూతురికి కొడుకుతో సమంగా వాటా అన్న మాటని ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణతోనే చట్టంలో పెట్టింది. అయితే అప్పటికే పెళ్లయిపోయిన ఆడపిల్లలకు అది దక్కలేదు. ఆమె పెళ్లి 1981లో అయింది. అక్కడితో ఆగిపోయాననుకుని ఇన్నేళ్లూ అడగలేదట. 2005లో కేంద్రం చేసిన సవరణకు ఆ అడ్డు లేదనీ, తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేడా అన్న ప్రశ్న కూడా అక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చిందనీ వకీలు చెప్పాడు. ఆయన అడిగింది ఒకటే: "2004 డిసెంబరు 20కి ముందు మీ వాళ్లు రిజిస్టరు పంపకాలు చేసుకున్నారా?" ఆమెకు తెలియదు. నకలు ఏ ఆఫీసులో దొరుకుతుందో చీటీ మీద రాసిచ్చాడు.

నేను ఎక్కువసేపు నిలబడింది మూడో బల్ల దగ్గర. అక్కడ ఉన్నది ప్లీడరమ్మ. డెబ్బై దాటిన ఒక మామ్మగారు పాలప్యాకెట్టు కవరులో చుట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టారు. లక్షన్నర రూపాయల ప్రోనోటు. ప్లీడరమ్మ దాన్ని అందుకుని, ముందువైపు చదవకుండా వెనక్కి తిప్పారు. వెనక నీలం సిరాతో ఒక వరస: "రూ. 5,000 ముట్టినవి." పక్కన తేదీ.

"ఇది ఎవరు రాశారు మామ్మగారూ?"

"మా మనవడమ్మా. ముత్యాల్లాంటి దస్తూరి వాడిది."

"డబ్బిచ్చినాయన చేత సంతకం పెట్టించలేదా?"

"ఇచ్చినోడు సంతకం పెట్టేదేంటమ్మా? పుచ్చుకున్నది నేను గదా!"

నాకూ ఆవిడ మాటే సబబనిపించింది. ఎవరు పుచ్చుకుంటే వాళ్లు సంతకం పెట్టడం లోకరీతి. ప్లీడరమ్మ విసుక్కోలేదు. నోటుకి రాసిన తేదీ నుంచి మూడేళ్లే ఆయుష్షు. ఈలోపు బాకీదారు కొంత కట్టి, ఆ చెల్లు తన చేత్తో రాసినా, ఎవరైనా రాస్తే కింద సంతకం పెట్టినా, ఆ రోజు నుంచి ఇంకో మూడేళ్లు వస్తాయి. "ఇది మీరిచ్చే రసీదు కాదు మామ్మగారూ. బాకీ ఉన్నానని ఆయన ఒప్పుకోవడం. అందుకని ఆయన సంతకం కావాలి. మీ మనవడి దస్తూరి ఎంత బావున్నా కోర్టుకి పనికిరాదు."

నోటు రాసింది 2022 ఏప్రిల్ 6. ప్లీడరమ్మ ఫోనులో క్యాలెండరు చూశారు. "శ్రీరామనవమి రోజుకి గడువు. ఆదివారం కూడాను. ఎనిమిది వారాలుంది." దారులు మూడు చెప్పారు. కొంత కట్టించుకుని సంతకంతో చెల్లు వేయించుకోవడం, నోటు తిరగరాయించుకోవడం, రెండూ కాకపోతే ఉచిత వకీలుతో దావా. తెల్లకాగితం మీద అర్జీ రాసి లోక్ అదాలత్‌కీ వెళ్లొచ్చు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాజీ కుదిరితే దాని మీద అప్పీలు ఉండదు. "కానీ అర్జీ పెట్టాం కదా, గడువు ఆగిపోయిందిలే అనుకోవద్దు" అని రెండుసార్లు చెప్పారు.

"వాడికి చెబుతానమ్మా. వాడెవరో కాదు, మన..." అని మామ్మగారు గొంతు పెంచేసరికి ప్లీడరమ్మ చటుక్కున, "పేరు చెప్పొద్దు" అన్నారు. అప్పుడు గమనించాను, ఇంతసేపూ ఆవిడ బొటనవేలు స్టాంపు మీది సంతకాన్ని కప్పే ఉంది.

ఎందుకో అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. వరండా నిండా జనం. ఎనిమిది వారాలు దాటితే నోటు చిత్తుకాగితమన్న సంగతి మామ్మగారికి ఎంత అవసరమో, ఆవిడకి బాకీపడ్డ వాడికీ అంతే అవసరం. ఊళ్లోకొచ్చి చట్టం చెప్పడమంటే ఇద్దరికీ చెప్పడమే. చట్టం తెలియదన్న మాట కోర్టులో చెల్లదు, అందరికీ తెలుసుననే లెక్కతో నడుస్తుంది కోర్టు. ఆ లెక్క ఇన్నాళ్లూ తెలిసినవాడి వైపే మొగ్గింది. ఈ వరండా దాన్ని కాస్త సరిచేస్తుంది. మిగతాది ఎవరు ముందు కదిలితే వాళ్లది.

రెండు గంటలకు బల్లలు ఎత్తేస్తుంటే ఒక నడివయసాయన, చేతిలో టీ గ్లాసుతో ప్లీడరమ్మ దగ్గరకొచ్చాడు. "మూడేళ్లు దాటితే నిజంగానే ఇవ్వక్కర్లేదామ్మా?"

ఎవరి నోటు, ఎంత అని ఆవిడ అడగలేదు. "కాలదోషం దావాకి పడుతుందండీ, బాకీకి పట్టదు. గడువు దాటాక కట్టినా అది బాకీ తీర్చినట్టే. ఇస్తానని మళ్లీ కాగితం రాసి సంతకం పెడితే అది కోర్టులోనూ నిలబడుతుంది" అన్నారు. ఆయన తల ఊపి, టీ తాగకుండానే గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

వాలంటీరమ్మాయి 15100 నంబరున్న కరపత్రం నా జేబులోనూ ఒకటి పెట్టింది. ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు పలుకుతారట.

ఆ రాత్రి ఇంటికొచ్చి ట్రంకు పెట్టె తెరిచాను. ఎప్పుడు తీసినా ముందువైపు చూసి మడిచేసిన నోట్లు. ఒక్కొక్కటీ వెనక్కి తిప్పాను. రెండింటి వెనక చెల్లులున్నాయి. తేదీలతో సహా, తప్పుల్లేకుండా, గుండ్రటి అక్షరాలు. రెండూ మా నాన్న దస్తూరే.