రాగిజావ రహస్యం

కదిరిలో తలుపుల బస్సు ఎక్కి ఇద్దరు పట్టే సీటులో నేను కూర్చుంటే, పక్కన ఇంకెవరూ కూర్చునేవారు కాదు. కూర్చోబోయినవాళ్ళు కూడా ఒకసారి నన్నూ, ఒకసారి మిగిలిన జానెడు చోటునూ చూసి, "ఫరవాలేదులేమ్మా" అని నిలబడిపోయేవారు. కండక్టరు మాత్రం, "కాస్త జరగండమ్మా" అనేవాడు. జరగడానికి నాకు కిటికీ అవతల తప్ప చోటుండేది కాదు.

పుట్టిల్లు తలుపుల, కాపురం హిందూపురం. నవలలు రాయడం నా వ్యాపకం. ఈ పనిలో సుఖమేమిటంటే కూర్చుని చేసుకోవచ్చు. కష్టమేమిటంటే కూర్చునే చేయాలి. ఇరవయ్యేళ్ళు కూర్చుని రాసేసరికి అయిదడుగుల రెండంగుళాల మనిషిని నూట ఎనిమిది కిలోలయ్యాను. నా నాయికలు మాత్రం ఒక్కొక్కరూ మల్లెతీగలు. తప్పిదారి ఒక్క లావుపాటి అమ్మాయినైనా ప్రేమలో పడనిచ్చిన పాపాన పోలేదు నేను.

లావైతే అయ్యాను, దాంతోపాటు షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పులు. రాత్రిళ్ళు గురక మధ్యలో నా ఊపిరి ఆగిపోతోందని మావారు లేచి కూర్చుని లెక్కపెట్టేవారు. "నిన్న ఇరవై రెండు సెకన్లు" అని పొద్దున్నే కాఫీతోపాటు చెబుతూంటే ఏ ఇల్లాలికైనా ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

షుగరు డాక్టరుగారే మొదట ఆ మాటన్నారు, బేరియాట్రిక్ సర్జరీ అని. బరువునూ పొడుగునూ కలిపి లెక్కకట్టే బి.ఎం.ఐ. అనే కొలత ఒకటుంది కదా. అది నలభై దాటినవాళ్ళకీ, జబ్బులుంటే ముప్ఫై అయిదు దాటినవాళ్ళకీ ఈ ఆపరేషను చేయవచ్చని 1991లో అమెరికాలో గీత గీశారట. 2022లో ఆ గీతను బాగా కిందికి దించారు, మన ఆసియావాళ్ళకైతే ఇరవై ఏడున్నర దగ్గరే ఆలోచించవచ్చన్నారు. నాది నలభై మూడు పైచిలుకు. పాత గీతైనా, కొత్త గీతైనా నేను అవతలే ఉన్నాను.

మావారు మాత్రం, "ఆ సినిమా అమ్మాయి సంగతి మరిచిపోయావా?" అన్నారు. 2015 జూన్‌లో ఆర్తి అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆవిడ లైపోసక్షన్ చేయించుకున్నారని పేపర్లలో వచ్చింది. ముప్ఫై ఒక్కేళ్ళ పిల్ల. అప్పట్నుంచీ మనవైపు బరువుకి ఆపరేషనంటే అందరికీ ఆ ముఖమే గుర్తొస్తుంది. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. లైపోసక్షనంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేయడం, అది ఆకారం దిద్దేందుకే గాని స్థూలకాయానికి మందు కాదట. ఇది కడుపుకి చేసేది. 1966లో అమెరికాలోని అయోవాలో మేసన్ అనే డాక్టరు కడుపుకి అడ్డదారి వేసే ఆపరేషను మొదలుపెట్టాడు. మనవాళ్ళలో నితిన్ గడ్కరీ 2011లోనూ, అరుణ్ జైట్లీ 2014లోనూ ఈ కోవ ఆపరేషన్లు చేయించుకున్నారు. "మంత్రులకి సరే, మనకి?" అన్నారు మావారు. ఖర్చు సంగతన్నమాట. నా రెండు నవలల డబ్బూ, ఒక జత గాజులూ అక్కడ తేలిపోయాయి.

నాకు చేసింది స్లీవ్ అనే రకం. బి.ఏ. చదివినదాన్ని, నాకర్థమైనట్టే చెబుతాను. పొట్ట మీద నాలుగైదు చిన్న కంతలు పెట్టి, లోపల తిత్తిలా ఉన్న కడుపును నిలువునా కత్తిరించి, ఐదింట నాలుగు వంతులు తీసేస్తారు. కోసిన అంచును స్టేపుల్ చేస్తారు. మిగిలేది అరటికాయంత గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. అది ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనేనట. అంచేత చోటూ తగ్గుతుంది, ఆకలీ తగ్గుతుంది.

అయితే ముందు పరీక్షలుంటాయి చూడండి, ఆడపిల్లకి పెళ్ళిచూపులు నయం. గుండెకీ, నిద్రకీ, థైరాయిడుకీ, గొట్టం మింగించి కడుపుకీ. ఆఖరున బెంగుళూరులో మనసు డాక్టరు. మా అమ్మాయి ఈడుది. "ఆకలి లేకుండా ఎప్పుడు తింటారు?" అనడిగింది. "అధ్యాయం కదలనప్పుడు" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, రాసుకుంది. "కడుపు తగ్గిస్తారు గాని అధ్యాయాలు కదిలించలేరు కదండీ, అప్పుడేం చేస్తారు?" అంది. ఆ ప్రశ్నకి అప్పుడు చెప్పిన జవాబు ఒట్టి అబద్ధం.

అబద్ధాల సంగతి వచ్చింది కాబట్టి అసలు విషయానికి వస్తాను. ఆపరేషను 2023 మార్చి ఆఖర్లో. దానికి ముందు రెండు వారాలు ద్రవపదార్థాలే. కొవ్వు పట్టిన కాలేయం కడుపుకి అడ్డంగా ఉంటుంది, అది కాస్త కుదించుకుంటేనే డాక్టరు చేతికి దారి దొరుకుతుందట. సరిగ్గా మధ్యలో ఉగాది! తలుపులలో మా అమ్మ నా కోసం నేతి ఓళిగలు చేసి, విస్తరి ముందు కూర్చుంది. మా ఇంట్లో ప్రేమ నోటితో చెప్పరు, గరిటెతో చెబుతారు. "ఇంగొకటి ఏసుకోవే, యాడికి పోతుంది?" అంటుంది అమ్మ. నలభై ఏళ్ళుగా యాడికి పోతూందో అందరికీ కనబడుతూనే ఉంది. "కడుపులో పుండమ్మా, జావే తాగమన్నారు" అన్నాను. అమ్మ రాగిజావ కాచి ఇచ్చి, నేను తాగుతున్నంతసేపూ ఓళిగల పళ్ళెం మీద మూత పెట్టి ఉంచింది.

ఆపరేషను గురించి చెప్పడానికేమీ లేదు, నేను నిద్రపోయాను. ఆ తర్వాతే కథంతా. మందు సీసా మూతంత చిన్న కప్పుతో ముప్ఫై మిల్లీలీటర్ల నీళ్ళు గుక్కగుక్కగా తాగాలి. తర్వాత వారాల తరబడి పాలూ పలచటి పప్పుకట్టూ, ఆ పైన మెత్తగా మెదిపినవీ. నెలా నెలన్నర దాటాకగాని మామూలు అన్నం లేదు, అదీ నాలుగు ముద్దలు. తింటూ నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి. రోజుకి అరవై గ్రాముల ప్రొటీను పడాలి. గుడ్డుకి ఆరేసి గ్రాములు, మీరే లెక్కకట్టండి. బి12, ఐరను, కాల్షియం మాత్రలు బతికినన్నాళ్ళూ. నాలుగో నెలలో జుట్టు కుచ్చులుకుచ్చులుగా రాలింది. ఒకసారి ఆత్రంగా ఒక్క ముద్ద ఎక్కువ మింగి, దొడ్లో గోడ పట్టుకుని ఏడ్చాను. అయినా ఏడాదికి ముప్ఫై ఏడు కిలోలు దిగాయి, షుగరు మాత్రలు తగ్గాయి, మావారు రాత్రిళ్ళు నిద్రపోతున్నారు.

మరుసటేడు కదిరిలో బంధువుల పెళ్ళికి వెళితే ఆడవాళ్ళందరూ చుట్టుముట్టారు. "ఏమక్కా, ఇట్లా సన్నబడితివి, ఏం మంత్రం?" నిజం చెప్పడానికి నోరు రాలేదు. కోయించుకుందటనీ, బద్ధకస్తురాలనీ, డబ్బుందిలేమ్మా అనీ అంటారని భయం. "ఏముంది, రాగిజావ, నడక" అన్నాను. అప్పు చేసి కొన్న నగను పుట్టింటివారు పెట్టారని చెప్పుకున్నట్టు ఎంత దర్జాగా చెప్పానో!

ఆ గుంపులో మా అన్న కూతురుంది. ఇరవై రెండేళ్ళు, ఎనభై ఆరు కిలోలు, వచ్చి వెనక్కిపోయిన సంబంధాలు మూడు. ఆ పిల్ల నా మాట వేదమనుకుంది. నాలుగు నెలలు రెండుపూటలా రాగిజావ, తెల్లారకముందే కదిరి రోడ్డు మీద నడక. మొదట నాలుగు కిలోలు తగ్గింది, ఆగింది, మళ్ళీ పెరిగింది. తిండి తగ్గిస్తే ఒళ్ళు కూడా తన ఖర్చు తగ్గించుకుని, ఆకలి పెంచుతుందట. ఆ సంగతి దానికెవరు చెప్పాలి? తెలిసినదాన్ని నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఒకరోజు బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోయిందని ఫోనొచ్చింది.

వెళ్ళేసరికి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "అత్తా, నువ్వు చేసిందే నేనూ చేస్తి. నీకు తగ్గింది, నాకెందుకు తగ్గలేదు? నేనేం తప్పు చేస్తాండా?" అనడిగింది.

ఏం చెప్పను? లేచి తలుపు దగ్గరకి వేసి, పైట తొలగించి పొట్ట మీది అయిదు మచ్చలూ చూపించాను. చెబుతూండగానే అమ్మ గ్లాసుతో లోపలికి వచ్చింది. ఆవిడకీ అప్పుడే తెలిసింది.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ మాట ముందే చెప్పింటే, నాలుగు నెల్లు నన్ను నేను తిట్టుకునేదాన్ని కాదు కదత్తా" అంది. కోపంగా కూడా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

అమ్మ మాత్రం ఒకే ప్రశ్న వేసింది. "కోసిన ముక్క ఏం చేసినారు?"

"పరీక్షకి లాబుకి పంపుతారమ్మా."

"నేను పెట్టి పెట్టి పెంచింది కదే అది" అని, ఆ పూట ఇంక నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున వంటింట్లో చూస్తే, అటకమీది పెట్టెలోంచి నా చిన్ననాటి ఉగ్గుగిన్నె తీసి చింతపండుతో తోముతోంది. "ఎంత పడుతుందో చెప్పు, దీన్నిండా పెడతా" అంది. పప్పన్నం మెత్తగా కలిపి పెట్టింది. అందులో సగమే తినగలిగాను. మిగతా సగం తనే తినేసింది.

మా కోడలుపిల్లని హిందూపురం తీసుకొచ్చి డాక్టరుకి చూపించాను. పి.సి.ఓ.డి. అన్నారు. మందులిచ్చి, కడుపునిండా పప్పూ గుడ్లూ తినమన్నారు. ఆపరేషను మాట ఇప్పుడు అక్కర్లేదన్నారు. మెల్లిగా తగ్గుతోంది, నెలకి కిలో, ఒక్కోనెల అదీ లేదు. కదిరి పెళ్ళిలో చూసినవాళ్ళకి నేనే ఫోన్లు చేసి నిజం చెప్పాను. ఇద్దరు దెప్పారు, ఒకావిడ ఆస్పత్రి ఎక్కడని అడిగింది. మిగతావాళ్ళకి ఇదిగో, ఇలా పత్రికలో చెబుతున్నాను.

మొన్న ఆ పిల్ల ఫోను చేసి, "అత్తా, ఈసారి నవలలో లావు హీరోయిన్ని పెట్టు" అంది. సరేనన్నాను. "ఆఖర్లో సన్నబడితే మాత్రం నేను చదవను" అని బెదిరించింది.

మొదలుపెట్టాను. మూడో అధ్యాయం దగ్గర ఆగింది. ఆగినప్పుడు ఇదివరకు వంటింట్లోకి వెళ్ళేదాన్ని. ఇప్పుడూ వెళుతున్నాను, అబద్ధమెందుకు? వేయించిన చెనిక్కాయల డబ్బా మూత తీసి, రెండు గింజలు నోట్లో వేసుకుని, మూత పెట్టి వచ్చేస్తున్నాను. మళ్ళీ వెళ్ళిన రోజులూ ఉన్నాయి.