జంషెడ్‌పూర్‌లో ఒక చలిరాత్రి

విశాఖ వాసులమైన మనకు చలి అంటే ఉదయపు మంచు, ఒక పలుచని శాలువా. అసలైన చలిని ఎరుగవలెనంటే ఛోటానాగపూర్ పీఠభూమికి పోవలసినదే. గత జనవరిలో మా కుటుంబానికి ఆ అనుభవం కలిగింది.

మా నాన్నగారు టాటా ఉక్కు కర్మాగారంలో పనిచేసినందున నా బాల్యమంతా జంషెడ్‌పూర్‌లోనే గడిచింది. ఆ ఊరిని మరొకసారి చూడవలెనని మా అమ్మగారి కోరిక. డెబ్బది ఎనిమిదేళ్ల వయసులో ఆమెకు రైలు ఎక్కి దిగటం కష్టం. అందువలన పడకలు, చిన్న వంటగట్టు అమర్చిన క్యాంపర్ వ్యాను కొన్నాము. అమ్మ, నా శ్రీమతి, కుమారుడు, నేను అందులో తొలి యాత్రకు బయలుదేరాము.

మొదటి రాత్రి కటక్ దాటిన పిమ్మట ఒక పెట్రోలు బంకు ఆవరణలో ఆగి, చలిగాలి రాకుండా కిటికీలన్నీ బిగించి పడుకొన్నాము. తెల్లవారేసరికి పైకప్పు రేకు నుండి నీటిబొట్లు దుప్పట్లపై రాలసాగాయి. బయట వాన లేదు. మా నలుగురి ఊపిరిలోని తేమయే చల్లని రేకును తాకి నీరైనది!

మరునాడు బాలేశ్వర్, బారిపదా, ఘాట్‌శిల మీదుగా జంషెడ్‌పూర్ చేరుకొన్నాము. సాక్చీ అనే పల్లె వద్ద వెలసిన కర్మాగారంలో 1912లో తొలి ఉక్కు తయారైంది. 1919లో ఛేమ్స్‌ఫర్డ్ ప్రభువు ఈ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టాడు. బిష్టుపూర్‌లోని శ్రీరామ మందిరంలో తెలుగు మాటలు వినబడగానే అమ్మ ముఖం వికసించింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహానీ వద్ద ఆమె నీటిని తలపై చల్లుకొని, చాలాసేపు మౌనంగా నిలబడింది.

ఆ రాత్రి సోనారీలో మా పినతండ్రిగారి అబ్బాయి ఇంటి ఆవరణలో వ్యాను నిలిపాము. వారి ఇల్లు పై అంతస్తులో ఉన్నందున మెట్లెక్కలేక అమ్మ వ్యానులోనే పడుకొంది. చలి పది డిగ్రీల దిగువకు దిగింది. మా మరదలు ఎర్రని బొగ్గులతో కుంపటి తెచ్చి, "బావగారూ, పెద్దత్తయ్యగారి కాళ్ల దగ్గర పెట్టండి" అన్నది. నేను దానిని వాకిట్లోనే ఉంచాను.

"నేను వణుకుతుంటే నిప్పు బయట పెడతావేమిరా?" అని అమ్మ నొచ్చుకొంది.

"నాన్నగారు బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ గురించి ఏమి చెప్పేవారమ్మా?"

ఆమె కొంతసేపు ఆలోచించింది. "రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే తీసుకుపోతుంది అనేవారు."

"ఈ కుంపటిలోనూ ఆ గ్యాసే ఉందమ్మా."

అమ్మ మరి మాట్లాడలేదు.

బొగ్గు కాలినచోట కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కన్నా దానితో రెండువందల రెట్లకు పైగా గాఢంగా బంధం ఏర్పరచుకొంటుంది. పెద్ద గదిలోనే ప్రమాదకరమైన ఆ వాయువు, కిటికీలు మూసిన చిన్న వ్యానులో ఎంత త్వరగా పేరుకొంటుందో చెప్పనక్కరలేదు. నిద్రించేవారికి మెలకువ కూడా రాదు.

అమ్మకు వాకిట్లో కుంపటి వద్ద చేతులు కాచుకోనిచ్చి, రెండు కంబళ్లు కప్పి, పాదాల వద్ద వేడినీళ్ల సంచి ఉంచాము. ఎదురెదురు కిటికీలు అంగుళం చొప్పున తెరిచాము. ఉదయం పైకప్పు నుండి ఒక్క బొట్టు కూడా రాలలేదు. "హాయిగా నిద్రపట్టిందిరా" అన్నది అమ్మ.

ఆ ఉదయం దల్మా కొండల పాదం వద్ద డిమ్నా జలాశయాన్ని, సాయంత్రం 1958లో ప్రారంభమైన జూబిలీ పార్కును చూశాము. గులాబీల నడుమ అమ్మ చిన్నపిల్లలా నడిచింది.

కర్మాగారంలో గ్యాస్ మానిటర్ లేనిదే నిషిద్ధ ప్రాంతంలో అడుగుపెట్టని మనం, ఇంటివద్ద, ప్రయాణంలో ఆ జాగ్రత్తను మరచిపోతుంటాము. భద్రతా నియమాలు గేటు వద్ద విడిచివచ్చేవి కావు. శీతకాల యాత్రకు బయలుదేరే మిత్రులారా, కంబళ్లు ఎన్నైనా తీసుకువెళ్లండి. నిప్పును మాత్రం వాకిట్లోనే ఉంచండి.