మామయ్య ఆగలేదు

బాలానగర్‌లో మా మేనమామకి చిన్న మెషిన్ షాప్ ఉంది. ఒక వీఎంసీ, రెండు లేత్‌లు. ఫస్టియర్ సెలవుల్లో అక్కడ ఊరికే కూర్చోలేక ఒక సిమ్యులేటర్ రాశా. జీ-కోడ్ ఫైల్ ఇస్తే, మెషిన్ మీద పెట్టకముందే టూల్ ఎక్కడ తిరుగుతుందో, ఎంత మెటల్ పోతుందో స్క్రీన్ మీద చూపిస్తుంది. "బాగుందిరా" అన్నాడు మామయ్య. నాలుగు రోజులు వాడాడు. ఐదో రోజు మానేశాడు.

ఆరు వేల లైన్ల ప్రోగ్రాంకి అది 40 నిమిషాలు తీసుకునేది మరి. "నీ బొమ్మ అయ్యేలోపు నేను జాబే తీసేస్తా" అన్నాడు, నవ్వుతూనే.

ఆ తర్వాత వారం ఒక ప్రోగ్రాం చెక్ చేయకుండానే రన్ చేశాడు. జీ00 అంటే టూల్ ఏమీ కోయకుండా ఫుల్ స్పీడ్‌లో ఇంకో చోటికి వెళ్ళడం. ఆ దారిలో క్లాంప్ ఉంది. ఎండ్ మిల్ విరిగిన చప్పుడు బయట టీ తాగుతున్న నాకు వినపడింది. మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ రాత్రి పైథాన్‌ని తిట్టుకుంటూ అంతా సీ ప్లస్ ప్లస్‌లో మళ్ళీ రాద్దామనుకున్నా. ముందు ప్రొఫైలర్ పెట్టి చూస్తే తప్పు పైథాన్‌ది కాదు, నాదే. 200×150×50 మిల్లీమీటర్ల దిమ్మని అర మిల్లీమీటర్ ఘనాలుగా కోశా కదా, అవి 1.2 కోట్లు. టూల్ రెండు మిల్లీమీటర్లు కదిలినా నా కోడ్ అన్నిటినీ ఒకసారి పలకరించి వచ్చేది! పైగా ప్రతి లైన్‌కీ బొమ్మ మళ్ళీ మొదట్నుంచి గీసేది.

ఘనాలు తీసేశా. మామయ్యది మూడు యాక్సిస్‌ల మెషిన్, టూల్ ఎప్పుడూ పైనుంచే దిగుతుంది. కాబట్టి ప్రతి గడిలో మెటల్ ఇప్పుడు ఎంత ఎత్తు ఉందో ఒక్క అంకె ఉంటే చాలు. 1.2 కోట్లు కాస్తా 400×300, అంటే 1,20,000 గడులయ్యాయి. అందులోనూ 10 మిల్లీమీటర్ల టూల్ ఒక కదలికలో తాకేది దాదాపు 480 గడుల్నే, మిగతావాటి జోలికి వెళ్ళను. బొమ్మ యాభై లైన్లకోసారి గీస్తా. క్లాంప్ ఎత్తు కూడా అదే పట్టికలో వేశా. జీ00లో టూల్ కొస ఆ ఎత్తు కన్నా కిందికొస్తే ఎర్ర గీత. 0.1 మిల్లీమీటర్ గడులతో కూడా ఇప్పుడు 11 సెకన్లే.

మొన్న ఆదివారం మామయ్య ఫైల్ వేసి చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకునేలోపు ఎర్ర గీత పడింది. గ్లాసు పక్కన పెట్టి, వెళ్ళి క్లాంప్ జరిపి వచ్చాడు. మెచ్చుకుంటాడేమో అని చూస్తున్నా.

"టీ-స్లాట్ కటర్ లోపల కోసేది కనపడట్లేదేందిరా?"

నిజమే. గడికి ఒక్క ఎత్తే ఉంటే పైన మెటల్ ఉండి కింద ఖాళీ అయిన చోటు పట్టదు. గడికి రెండు మూడు ముక్కలు గుర్తుపెట్టుకోవాలి. మిడ్స్ అయ్యాక కూర్చుంటా.