చదివింపుల పుస్తకంలో సున్నాలు

చదివింపుల పుస్తకం లేని ఇల్లు మన వైపు ఉంటుందంటే నేను నమ్మను. బీరువాలో పట్టుచీరెల అడుగునో, దేవుడి గూట్లో పంచాంగం పక్కనో ఓ పొడుగాటి నోటుపుస్తకం ఉండి తీరుతుంది. ఫలానావారు మన పెళ్ళికి 116 రూపాయలు చదివించారు, ఫలానావారు పిల్లాడి ఒడుగుకి స్టీలు బిందె తెచ్చారు, పేరు కొట్టించి మరీ. రేపు వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఇల్లాలు చప్పుడు చెయ్యకుండా ఆ పుస్తకం తీసి, వరసల వెంట వేలు జారుస్తూ చూసుకుని, అప్పుడు గాని కవరులో డబ్బు పెట్టదు. ఇది చూసి మగవాళ్ళు నవ్వుతారు. "ఇదేమైనా బ్యాంకుటే?" అంటారు. నవ్వితే నవ్వనివ్వండి. మనకి పెట్టినవాళ్ళని గుర్తుంచుకోవడం మర్యాదే గాని పిసినారితనం కాదు గదా!

మా ఇంట్లో పుస్తకం మా అత్తగారు మొదలుపెట్టారు, 1988లో, మా పెళ్ళికి. ఆవిడ పద్ధతి గల మనిషి. మొదటి పేజీల్లో పిలవవలసిన ఇళ్ళన్నీ వరసగా నెంబర్లు వేసి రాశారు. వెనక పేజీల్లో ఎవరేం చదివించారో రాస్తూ, ప్రతి పద్దు పక్కనా ఆ ఇంటి నెంబరు మాత్రం వేశారు. పేరూ ఊరూ ప్రతిసారీ రాసే శ్రమ లేకుండా అన్నమాట. ఆ తరవాత మా గృహప్రవేశం, అబ్బాయి ఒడుగు, అమ్మాయి ఓణీల పండగ, అబ్బాయి పెళ్ళి - అన్నీ ఆ పుస్తకంలోకే ఎక్కాయి.

మా అత్తగారు పాటించిన ఈ కిటుకునే పెద్ద ఎత్తున, గణితశాస్త్రం ఆధారంగా ఎడ్గర్ కాడ్ అనే ఆయన 1970లో ఓ వ్యాసంలో ప్రతిపాదించాడు. ఆయన ఐబిఎం కంపెనీలో పనిచేసేవాడు. సమాచారాన్ని పట్టికలు పట్టికలుగా విడదీసి, ఒకదానికొకటి నెంబర్లతో ముడివెయ్యమన్నాడు. అందుకుగాను 1981లో ఆయనకి ట్యూరింగ్ అవార్డు కూడా వచ్చింది. ఈ పద్ధతిని ఇంగ్లీషులో 'రిలేషనల్' అంటారు. చుట్టరికాల గురించి కాబోలు అనుకునేరు! అక్కడ 'రిలేషన్' అంటే గణితంలో ఒక పట్టిక లాంటిది. ఆ సంబంధానికీ, మనం అమ్మాయికి చూసే సంబంధానికీ ఏ సంబంధమూ లేదు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మా చిన్నమ్మాయి పెళ్ళి కుదిరేసరికి ఆ పుస్తకం అట్టలు ఊడి, కుట్లు తెగి, ముట్టుకుంటే కాగితం చేతిలోకి వచ్చే స్థితిలో ఉంది. ఉద్యోగం చేసిన రోజుల్లో ఆఫీసులో యాక్సెస్ అనే డేటాబేస్ మీద పనిచేసినదాన్ని గనుక, పుస్తకమంతా ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కూర్చున్నాను. యాక్సెస్ 1992లో బజారులోకి వచ్చింది. సొంత కంప్యూటర్ మీద, ప్రోగ్రాములు రాయడం పెద్దగా రానివాళ్ళు కూడా రికార్డులు పెట్టుకోవడానికి పనికొస్తుంది.

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రోజూ ఓ రెండు గంటలు. అలా మూడు వారాలకి పని పూర్తయింది. 212 ఇళ్ళు, 640 పద్దులు. ఫారం పైభాగాన ఒక ఇల్లు కనిపిస్తుంది. దాని కింద, ఆ ఇంటివాళ్ళ చదివింపులు మరో చిన్న ఫారంలో వరసగా కనిపిస్తాయి. పెద్ద కంచంలో చిన్న గిన్నెలన్నమాట. ఆ గిన్నెనే సబ్‌ఫారం అంటారు. రెంటినీ కలిపే ముడి ఇంటి నెంబరు. పైన ఇల్లు మారిస్తే కింద గిన్నెలో పదార్థాలు వాటంతట అవే మారిపోతాయి.

అంతా బాగానే ఉంది గాని, ఇంటి పేరు పక్కనే 'వీరివి ఇన్ని' అని ఒక అంకె కనిపిస్తే బాగుండునని నాకు కోరిక పుట్టింది. సబ్‌ఫారం అడుగున 'ఏడింటిలో ఒకటి' అంటూ యాక్సెస్ తనే చూపిస్తుంది. కాని అంత చిన్న అక్షరాలు నాకు కళ్ళజోడు పెట్టుకున్నా ఆనవు. పెద్దగా కనిపించాలంటే రెండు దారులున్నాయి. సబ్‌ఫారం అడుగుభాగంలో ఓ పెట్టె పెట్టి, 'ఉన్న వరసలు లెక్కపెట్టు' అని చెప్పి, ఆ అంకెని పైకి తెచ్చుకోవడం ఒకటి. సబ్‌ఫారం పట్టికలా పరిచి ఉన్నప్పుడు ఆ పెట్టె కంటికి కనబడదు. కనబడకపోయినా తన పని తను చేస్తూనే ఉంటుంది, వంటింట్లో ఇల్లాలిలాగా! రెండోది డీకౌంట్ అనే సూత్రం. అది నేరుగా పట్టిక దగ్గరికే వెళ్ళి, 'ఈ నెంబరువాళ్ళవి ఎన్ని ఉన్నాయి?' అని అడిగి వస్తుంది.

ఏ దారైనా ఒకటే గదా అంటారేమో, కాదు. పద్దులన్నీ ఎక్కించాక, మనవడు మీటలు నొక్కి పాడుచేస్తాడన్న భయంతో సబ్‌ఫారంలో కొత్త వరసలు చేరకుండా కట్టడి చేశాను. అలా కట్టడి చేస్తే, ఒక్క పద్దూ లేని ఇల్లు వచ్చినప్పుడు మొదటి పద్ధతిలో లెక్క రాదు. అంకె ఉండవలసిన చోట 'ఎర్రర్' అని పడుతుంది. ఏమీ ఇవ్వనివాళ్ళ పేరు పక్కన 'తప్పు' అని రాసినట్టన్నమాట! నాకు మనసొప్పలేదు. డీకౌంట్ అయితే మర్యాదగా సున్నా అంటుంది. అదే ఉంచేశాను. లేనివాళ్ళకి లేదని చెప్పవచ్చు గాని, తప్పని ఎలా చెబుతాం?

అసలు కథ ఆ తరవాత జరిగింది. కల్యాణమండపంలో భోజనాలకి లెక్క ముందే చెప్పాలి. అంచేత పిలుపుల జాబితా తీసే పని మా పెద్దాడు తీసుకున్నాడు. వాడికి కంప్యూటరే ఉద్యోగం. ఇళ్ళ పట్టికనీ, చదివింపుల పట్టికనీ కలిపి, ఎవరివి ఎన్నో లెక్కలతో సహా పది నిమిషాల్లో కాగితం చేతిలో పెట్టాడు.

"చూడమ్మా, 189 ఇళ్ళు. మండపానికి సరిగ్గా సరిపోతాయి" అన్నాడు సంతోషంగా.

నేను ఫారం తెరిచి అడుగున అంకె చూశాను. 212 అని ఉంది. "ఒరేయ్, 23 ఇళ్ళు ఏమైపోయాయిరా?" అన్నాను.

తప్పు యంత్రానిది కాదు. రెండు పట్టికల్ని కలిపినప్పుడు, వేరే చెప్పకపోతే, రెండు వైపులా జత కుదిరినవాళ్ళని మాత్రమే అది చూపిస్తుంది. దాన్ని ఇన్నర్ జాయిన్ అంటారు. ఇంటి నెంబరు ఇటు ఉండి, అటు ఒక్క పద్దు కూడా లేకపోతే ఆ ఇల్లు జాబితాలోంచే జారిపోతుంది. సున్నా అని కూడా కనబడదు. సున్నా అని కనబడితే కనీసం 'అయ్యో, వీళ్ళకి సున్నా ఏమిటి?' అని అడుగుతాం. అసలు కనబడనివాళ్ళ గురించి ఎవరు అడుగుతారు చెప్పండి?

దీనికి మందు ఉంది. రెండు పట్టికల మధ్య ఉన్న గీత మీద రెండుసార్లు నొక్కితే, మూడు పద్ధతుల్లో ఏది కావాలని అడుగుతుంది. 'ఇళ్ళు అన్నీ చూపించు, చదివింపులు ఉంటే పక్కన చూపించు' అన్న పద్ధతి ఎంచుకోవాలి. అది లెఫ్ట్ జాయిన్. మావాడు అలా మార్చగానే 212 ఇళ్ళూ వచ్చాయి. కాని చిత్రం చూడండి, ఈసారి ఏమీ లేనివాళ్ళ ఎదురుగా సున్నాకి బదులు 1 పడింది! వరసలు లెక్కపెట్టమంటే, పద్దు లేకపోయినా ఆ ఇంటి పేరున్న వరస ఒకటి ఉంది గదా, దాన్నే లెక్కపెట్టింది. పోనీ రూపాయల గడిని లెక్కపెట్టమందామా అంటే, అది ఖాళీ గడుల్ని వదిలేస్తుంది. వెండి కుంకుమభరిణె తెచ్చినవాళ్ళకి రూపాయల గడి ఖాళీయే గదా, వాళ్ళ భరిణె లెక్కలోకి రాకుండా పోతుంది. చివరికి పద్దు వరస నెంబరుని లెక్కపెట్టమన్నాడు. పద్దు ఉంటే నెంబరు ఉంటుంది, లేకపోతే ఉండదు. అప్పటికి గాని అన్నీ ఎక్కడివక్కడ కుదిరి, 23 సున్నాలు బయటపడలేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆ 23 పేర్లూ ఒక్కొక్కటే చదివాను. ఒక్కొక్క సున్నాకీ ఒక్కొక్క కథ. కొందరు దూరాభారం వల్ల ఎప్పుడూ రాలేకపోయినవాళ్ళు. ఒకరింట్లో సరిగ్గా మా పెళ్ళికి పదిరోజుల ముందు మైల వచ్చింది. ఒకాయన చాలా ఆలస్యంగా వచ్చి, పుస్తకం కట్టేశాక మావారి జేబులో కవరు కుక్కి వెళ్ళారట. అది పద్దుల్లోకి ఎక్కలేదు. ముగ్గురు ఈ లోకంలోనే లేరు. యంత్రానికి వీళ్ళందరూ ఒకటే సున్నా. ఎన్ని అని అడిగితే చెబుతుంది గాని, ఎందుకని అడిగితే దానికేం తెలుసు?

ఆ వరసలోనే 41వ నెంబరు దగ్గర ఆగిపోయాను. మా పిన్నత్తగారు. మా అత్తగారి పినతల్లి కూతురు. చిన్న వయసులోనే భర్త పోయి, ఒక గది అద్దెకిచ్చుకుని, ఆ నాలుగు డబ్బులతో రోజులు వెళ్ళదీసిన మనిషి. మా పెళ్ళికి ఆవిడ వారం ముందు వచ్చారుట. అప్పడాలు ఒత్తింది ఆవిడే, అరిసెల పాకం పట్టింది ఆవిడే. మా గృహప్రవేశం నాడు తెల్లవారుజామున మూడింటికి లేచి అందరికీ పులిహోర కలిపిన చేతులు ఆవిడవి. అబ్బాయి ఒడుగుకి నాకు జ్వరం వస్తే, నా కొంగుకున్న తాళాలు తీసి తన కొంగుకి కట్టుకుని కార్యమంతా గట్టెక్కించారు. ఇన్ని శుభకార్యాల్లోనూ ఆవిడ పేరున ఒక్క పద్దు లేదు. ఎలా ఉంటుంది? పుస్తకం పెట్టింది పందిట్లో, ఆవిడ ఉన్నది వంటింట్లో.

మావాడికి ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తరవాత, "పోనీ అమ్మా, ఇంకో పట్టిక పెడదాం. 'చేసిన సాయం' అని. అప్పడాలు ఒకటి, పులిహోర ఒకటి. అప్పుడు మామ్మగారికి కూడా లెక్క వస్తుంది" అన్నాడు. వాడి మంచి మనసుకి సంతోషమే వేసింది గాని, వద్దన్నాను. డబ్బు చదివిస్తే పద్దు రాసుకుంటాం, మళ్ళీ వాళ్ళింట్లో కార్యానికి తిరిగి చదివిస్తాం. అక్కడికి చెల్లు. తెల్లవారుజామున పొయ్యి దగ్గర కూర్చున్నదాన్ని పద్దు రాస్తే, దాన్ని ఏ కార్యానికి తిరిగి చదివించగలను? ఆవిడకి పిల్లలు లేరు. వాళ్ళింట్లో పెళ్ళీ రాదు, పేరంటమూ రాదు. తీర్చలేనిదాన్ని పద్దు రాసుకుని ఏం లాభం? 41వ నెంబరు దగ్గర సున్నా అలాగే ఉంచమన్నాను. జాబితాని మాత్రం తిరగేయించాను. తక్కువ లెక్క ఉన్నవాళ్ళు పైకీ, ఎక్కువ ఉన్నవాళ్ళు కిందికీ.

పిలుపులు పైనుంచి మొదలుపెట్టాం. పోయినవాళ్ళ ఇళ్ళల్లో పిల్లల్ని పిలిచాం. మండపంవాళ్ళకి భోజనాల లెక్క పెంచి చెప్పాం. మావాడు ముందు కొంచెం గొణిగినా, డబ్బు కట్టింది వాడే. కుంకుమభరిణె పుచ్చుకుని నేను మొట్టమొదట వెళ్ళింది పిన్నత్తగారింటికే. ఎనభై దాటాయి ఆవిడకి. బొట్టుపెట్టి పిలిస్తే, "నన్ను పిలవాలిటే అమ్మాయ్? వడియాలకి పప్పు ఎప్పుడు నానబోయాలో చెప్పు" అన్నారు.

"ఈసారి వంటింట్లోకి వస్తే ఊరుకోను. పందిట్లో, ముందు వరసలో కూర్చోవాలి మీరు" అన్నాను. వింటేనా!

మీలోనూ చాలామంది ఇప్పుడు పుస్తకాలు మానేసి ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ పిలుపుల జాబితాలు రాసుకుంటున్నారు. మంచిదే. ఎవరివి ఎన్నో అది క్షణంలో చెబుతుంది. కాని శుభలేఖల మీద పేర్లు రాసే ముందు ఒక్కసారి, మొత్తం ఇళ్ళెన్ని, జాబితాలోకి వచ్చినవెన్ని అని రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా వస్తే, ఆ జారిపోయిన పేర్లు తీసి తీరిగ్గా చదవండి. మీ పిన్నత్తగారు కూడా అందులోనే ఉంటారేమో.