ఎల్మ్ చెట్టు కింద రాజ్యాంగం

అమెరికాలోని ఇండియానా రాష్ట్రం దక్షిణ కొసన కోరిడాన్ అనే చిన్న ఊరుంది. చారిత్రక ప్రేమ నవలలు రాసేవారికి అక్కడ కావలసినంత కథ దొరుకుతుంది!

1816 జూన్. ఇండియానా ఇంకా రాష్ట్రం కాలేదు. రాజ్యాంగం రాయడానికి 43 మంది ప్రతినిధులు కోరిడాన్‌లో సమావేశమయ్యారు. గదిలో ఉక్కపోత భరించలేక దగ్గర్లోని పెద్ద ఎల్మ్ చెట్టు నీడన కూర్చుని చర్చించుకున్నారని చెబుతారు. మూడు వారాల్లోపే రాజ్యాంగం సిద్ధమైంది. ఇక్కడ బానిసత్వం ఉండకూడదని అందులో రాసుకున్నారు. డిసెంబరు 11న ఇండియానా 19వ రాష్ట్రమైంది.

రాసుకున్నంత మాత్రాన సంకెళ్లు తెగిపోలేదు. విన్సెన్స్ పట్టణంలో పాలీ స్ట్రాంగ్ అనే నల్లజాతి యువతి బానిసగానే ఉండిపోయింది. ఆమె తరఫున కేసు వేస్తే కింది కోర్టు యజమాని పక్షమే వహించింది. చివరికి 1820లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ రాజ్యాంగాన్నే ఆధారం చేసుకుని పాలీకి విముక్తి కల్పించింది.

1825లో రాజధాని ఇండియానాపొలిస్‌కు తరలిపోయింది. సరిగ్గా వందేళ్లకు, 1925లో ఎల్మ్ చెట్టూ చనిపోయింది. కోరిడాన్ వాసులు మాత్రం దాని మోడును వదులుకోలేదు. చుట్టూ ఇసుకరాతి మండపం కట్టి కాపాడుకుంటున్నారు. పాత రాజధాని భవనాన్ని చూడటానికి వెళ్లినవారు ఆ మోడునూ చూసి వస్తారు.