కావేరీతీరమున గానసభ

సంగీతసభ యనగానే గోడలు, పైకప్పు, ఆసనములు మనకు స్ఫురించును. తెలుగు కీర్తనలకు పుట్టినిల్లనదగిన సభాస్థలమున నివి యేవియు లేవు. తంజావూరునకు సమీపమున, తిరువైయారులో, కావేరి యొడ్డున ఏటేట పందిలి వేయుదురు. కొలది దినములు పాడి, పిమ్మట దానిని విప్పివేయుదురు. తక్కిన కాలమున నచ్చట మిగులునవి సమాధిమందిరమును, నదియును.

కాకర్ల వంశజులైన త్యాగరాజస్వామివారు 1847 జనవరి 6వ తేదీని, పుష్య బహుళ పంచమినాడు అచ్చట సిద్ధిపొందిరి. అంతకుముందే సన్న్యాసము స్వీకరించియుండుటచే వారి దేహమును నదీతీరముననే సమాధి చేసిరి. కాలక్రమమున నా చోటు శిథిలమయ్యెను. ఇరువదవ శతాబ్ది యారంభమున, శిష్యపరంపరలోని ఉమయాళ్పురము కృష్ణ భాగవతులు, సుందర భాగవతులు దానిని బాగుచేయించిరి. ఆరాధనోత్సవము పెరిగెను, దానితోపాటు కక్షలును పెరిగెను. పెద్దకక్షి, చిన్నకక్షి యని విద్వాంసులు రెండుగా చీలి వేర్వేరుగ నుత్సవములు జరిపిరి. ఒక్క విషయమున మాత్రము ఉభయులకును ఏకాభిప్రాయము: సమాధిముందు స్త్రీలు పాడరాదు.

1921లో బెంగుళూరు నాగరత్నమ్మగారికి, గురువులైన బిడారం కృష్ణప్పగారి లేఖవలన సమాధి దుస్థితి తెలిసెను. దేవదాసీ కుటుంబమున జన్మించి, గానమువలన ధనమును, కీర్తిని గడించిన విదుషీమణి యామె. 1910లో ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును పరిష్కరించి ప్రకటించినవారును వీరే. తమ నగల నమ్మి, ఆర్జితమును వెచ్చించి, వారు స్వామికి గుడి కట్టించిరి. 1925 జనవరిలో ప్రతిష్ఠ జరిగెను. గుడి కట్టించిన చేతులకు లేని యడ్డు, ఆ గుడిముందు పాడబోయిన కంఠమునకు కలిగెను.

ఆమె వెనుదీయలేదు. 1927లో స్త్రీలను కూర్చుకొని, గుడివెనుక వేరొక గానోత్సవము ప్రారంభించిరి. ఆరుబయలు గదా! వెనుక పాడిన పాట ముందునకు వినబడక మానునా? 1941లో కక్షలన్నియు నేకమయ్యెను. స్త్రీలకును సమానస్థానము లభించెను. రామునకు వనవాస మెన్నియేండ్లో, ఆ స్త్రీలకు గుడివెనుక వాసమును అన్నియేండ్లే.

నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోని పంచరత్నకృతులను అందరును కలసి పాడు పద్ధతి యప్పటినుండియే నెలకొనెను. నేడును పంచమినాడు వందలకొలది స్త్రీపురుషులు వరుసలుదీరి, ఏకకంఠముగ పాడుచున్నారు. 1952లో పరమపదించిన నాగరత్నమ్మగారి సమాధియు అచ్చటనే కలదు. చేతులు జోడించిన వారి విగ్రహము స్వామి కభిముఖముగ నున్నది.

మన బాలికలకు పంచరత్నములు నేర్పించునపుడు, రాగతాళములతోపాటు ఆ పదునాలుగేండ్ల సంగతియు చెప్పుట మన విధి. వారు నేడు నిస్సంకోచముగ కూర్చుండు వరుసను, పూర్వము గుడివెనుక కూర్చుండి పాడినవారు సంపాదించి యిచ్చిరి.