బంగారు అడవిలో మేము చూసినవి

మేము నలుగురం. పదకొండో తరగతి చదువుతున్నాం. నలుగురి ఇళ్లలోనూ తెలుగే మాట్లాడతారు. అయినా "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పలేం. ఒకరి నాన్నగారు సైన్యంలో, ఇంకొకరి అమ్మగారు రైల్వేలో, మిగతా ఇద్దరి నాన్నగార్లు కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేస్తారు. మూడు నాలుగేళ్లకోసారి బదిలీ ఉత్తర్వు వస్తుంది. సామాను ట్రంకుపెట్టెల్లోకి చేరుతుంది. టీసీ తీసుకుని ఇంకో రాష్ట్రంలో ఇంకో కేంద్రీయ విద్యాలయంలో చేరతాం. ప్రార్థన అదే, పాఠ్యపుస్తకాలు అవే. చెట్లు మాత్రం వేరు. ఇన్ని ఊళ్లు తిరిగిన మేము ఈ శీతాకాలపు సెలవుల్లో రైలు ఎక్కకుండానే ఒక రాజ్యం చూసి వచ్చాం. దాని పేరు లోత్లోరియెన్. అది ఎల్ఫుల అడవి రాజ్యం.

ఈ రాజ్యాన్ని ఊహించిన రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్. ఆయన 1892లో నేటి దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫౌంటెన్‌లో పుట్టారు. మూడేళ్ల వయసులో ఇంగ్లండు వచ్చారు. పదమూడేళ్లు నిండకముందే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నారు. తరువాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన ఆంగ్ల భాషకు ఆచార్యులయ్యారు. 'ది హాబిట్' 1937లో, 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సంపుటాలు 1954, 1955 సంవత్సరాల్లో వచ్చాయి. లోత్లోరియెన్ ఆ మొదటి సంపుటంలో ఉంటుంది.

ముందుగా మాకు వచ్చిన చిక్కు మాటతోనే. ఎల్ఫును తెలుగులో ఏమనాలి? పాటలు బాగా పాడతారు కాబట్టి గంధర్వులు అందామని ఒకరన్నారు. కానీ గంధర్వులు ఆకాశంలో తిరుగుతారు, వీళ్లు చెట్ల మీద కాపలా కాస్తారు. వనదేవతలు అందామంటే, వీళ్లు రొట్టెలు కాలుస్తారు, తాళ్లు పేనుతారు, పడవలు చేస్తారు. వీళ్లకు ఎవరూ పూజ చేయరు. చివరికి ఎల్ఫులు అనే ఉంచేశాం. ఇంకో సంగతి కూడా గమనించాం. మన కథల్లో అడవికి వెళ్లడమంటే వనవాసం. గడువు తీరగానే రాజ్యానికి తిరిగి రావాలి. ఇక్కడ అడవే రాజ్యం.

ఒక రాజ్యం గురించి చెప్పాలంటే మా సోషల్ పుస్తకంలో ఒక వరుస ఉంటుంది: సరిహద్దులు, నదులు, రాజధాని, పాలన, వృత్తులు. మేమూ అదే వరుసలో వెళ్లాం.

ఫ్రోడో, అతని తోటి ప్రయాణికులు పడమటి దిక్కు నుంచి వస్తారు. మోరియా గనుల్లో తమ పెద్దదిక్కు గాండాల్ఫ్‌ను పోగొట్టుకున్న రోజు అది. మిగిలింది ఎనిమిది మంది. మొదట కనిపించేది నిమ్రొడెల్ అనే వాగు. అందులో కాళ్లు పెట్టగానే ఫ్రోడోకు అలసట కడిగేసినట్టు పోతుంది. ఆ తరువాత వచ్చే నది లోతైనది, చల్లనిది. దాని మీద వంతెన లేదు. ఎల్ఫులు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు తాడు కడతారు. దాని మీద నడిచి వెళ్లాలి. మనవాళ్లు నడవలేరని చేతులతో పట్టుకోవడానికి ఇంకో రెండు తాళ్లు కడతారు. వంతెన లేకపోవడమే ఆ రాజ్యానికి గోడ.

సరిహద్దు కాపలావాళ్లు ఉండేది చెట్ల మీద కట్టిన వేదికల్లో. వాటిని వాళ్ల భాషలో 'తలన్' అంటారు. మా తాతగారి ఊళ్లో జొన్నచేలో పిట్టలను తోలడానికి కట్టే మంచె లాంటిదే అది. గోడలు ఉండవు, గాలి ఎటు వీస్తే అటు జరుపుకునే ఒక తెర మాత్రం ఉంటుంది. మధ్యలో గుండ్రని కంత, అందులోంచి తాళ్ల నిచ్చెన. నేల మీద పడుకునే అలవాటున్న హాబిట్లకు అక్కడ పడుకోవడం ఏమాత్రం నచ్చదు.

ఆ కాపలావాళ్లలో హాల్దిర్, అతని తమ్ముళ్లు ఇద్దరు ఉంటారు. బయటివాళ్ల ఉమ్మడి భాష హాల్దిర్‌కే బాగా వచ్చు. వార్తలు తెలుసుకోవడానికి అడవి దాటి వెళ్లేవాడు కాబట్టి నేర్చుకున్నాడు. ఇది చదివి మేం నవ్వుకున్నాం. కొత్త ఊరు వెళ్లిన మొదటి నెలలో కూరగాయల బండి దగ్గర మా అమ్మల పక్కన నిలబడి మేం చేసే ఉద్యోగం కూడా అదే.

ఇక చట్టం. మరుగుజ్జు జాతివాళ్లు ఆ అడవిలో అడుగు పెట్టకూడదని పాత నియమం. జట్టులో గిమ్లీ ఆ జాతివాడు. అతని కళ్లకు గంతలు కట్టి తీసుకువెళ్తామని హాల్దిర్ అంటాడు. గిమ్లీ ఒప్పుకోడు. అప్పుడు ఆరగోర్న్ ఒక దారి చెబుతాడు: కడితే అందరికీ కట్టండి. ఎల్ఫు అయిన లెగోలస్‌కు కూడా గంతలు తప్పవు, అతనికి అది అవమానంగా తోస్తుంది. అలా ఎనిమిది మందీ గుడ్డివాళ్లలా నడుస్తారు. దారిలో రాజధాని నుంచి కబురు వస్తుంది: గిమ్లీతో సహా అందరూ కళ్లు తెరిచి నడవవచ్చు. మాలో ఒకరికి ఈ రాజ్యంలో అన్నిటికన్నా నచ్చింది ఈ ఘట్టమే. చట్టం తప్పని ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు. ఒకడికి పడిన భారాన్ని ఎనిమిది మంది పంచుకున్నారు, అంతే.

గంతలు విప్పగానే వాళ్లకు కనిపించేది కెరిన్ ఆమ్రోత్ గుట్ట. దాని మీద చెట్లు రెండు వలయాలుగా ఉంటాయి. బయటి వలయం చెట్ల బెరడు తెల్లన, లోపలి వలయంలో మల్లోర్న్ చెట్లు. గడ్డిలో ఎలనోర్ అనే పసుపు పూలు నక్షత్రాల్లా మెరుస్తాయి. మల్లోర్న్ ఆకులు శరదృతువులో రాలవు, బంగారు రంగుకు తిరుగుతాయి. వసంతంలో కొత్త చిగురు వచ్చాకే రాలతాయి. అప్పుడు నేలంతా బంగారం, పైన పసిడి పూలు, మధ్యలో వెండి స్తంభాల్లాంటి మానులు.

రాజధాని కరస్ గలధోన్ ఒక కొండ మీద ఉంది. చుట్టూ అగడ్త, పచ్చని గోడ, నైరుతి దిక్కున ద్వారం. లోపల ఉన్నవి మేడలు కావు, మహావృక్షాలు. అన్నిటికన్నా పెద్ద చెట్టు మీద కోడిగుడ్డు ఆకారంలో సభామందిరం, దాని మధ్య నుంచి చెట్టు మాను పైకి వెళ్తుంది. అక్కడ కెలెబోర్న్ ప్రభువు, గలాద్రియెల్ రాణి కూర్చుంటారు. అతిథులు రాగానే ఇద్దరూ లేచి నిలబడతారు. ఎంత గొప్ప రాజులైనా అతిథి వస్తే లేవడం అక్కడి ఆచారం.

ఆ సభలో జరిగిన ఒక సంగతి మేం రెండుసార్లు చదివాం. మోరియాలో జరిగింది విని కెలెబోర్న్ గిమ్లీ జాతిని కటువుగా మాట్లాడతాడు. గలాద్రియెల్ అడ్డుపడుతుంది. గిమ్లీ పూర్వీకులు ఏలిన చోట్ల పేర్లను అతని సొంత భాషలో పలుకుతుంది. తల వంచుకుని కూర్చున్న గిమ్లీ తల ఎత్తి చూస్తాడు. శత్రువనుకున్న చోట అతనికి ప్రేమ కనిపిస్తుంది. తరువాత ప్రభువు అందరి ముందు తన మాటను వెనక్కు తీసుకుంటాడు. ఎక్కడో హిందీ, అస్సామీ మాటల మధ్య రైల్వే ప్లాట్‌ఫారం మీద "ఏమ్మా, ఎక్కడిదాకా?" అని ఒక తెలుగు గొంతు వినబడితే ఎలా ఉంటుందో మాకు తెలుసు. అందుకే గిమ్లీ ముఖం మాకు కళ్లకు కట్టింది.

కొండకు దక్షిణాన ఒక తోట ఉంది. మెట్లు దిగితే పచ్చని పల్లం, అక్కడ చెట్టుకొమ్మల్లా చెక్కిన పీఠం, దాని మీద లోతులేని వెండి పాత్ర. ఊట నీళ్లు కూజాతో అందులో పోస్తే అదే గలాద్రియెల్ అద్దం. జరిగినవి, జరుగుతున్నవి, జరగవచ్చునన్నవి అందులో కనిపిస్తాయి. తోటమాలి అయిన శామ్‌కు తన ఊళ్లో చెట్లు నరికేస్తున్న దృశ్యం కనిపిస్తుంది. వెంటనే ఇంటికి వెళ్లిపోతానంటాడు. కాసేపటికి, ఫ్రోడోతోపాటు దూరపు దారినే వెళ్లి ఇల్లు చేరతానని నిర్ణయించుకుంటాడు.

వృత్తుల విషయానికి వస్తే, నేత, తాళ్ల పని, పడవల పని, వంట. ప్రయాణానికి వాళ్లు చేసే రొట్టె పేరు లెంబాస్. ఆకుల్లో చుట్టి ఇస్తారు. ఒక్కటి తింటే రోజంతా నడవవచ్చు. మా ఇళ్లలో రెండు రోజుల రైలు ప్రయాణానికి పులిహోర కట్టినట్టే. తాము చేసే ప్రతి వస్తువులోనూ తాము ప్రేమించే అడవి తలపును కలుపుతామని ఎల్ఫులు అంటారు.

మాలో రైల్వేవారి అబ్బాయికి మాత్రం ఇంకో ఎల్ఫు రాజ్యమే నచ్చింది. అది ఉత్తరాన మిర్క్‌వుడ్ అడవిలో లెగోలస్ తండ్రి థ్రాండుయిల్ ఏలే రాజ్యం. అక్కడ నేలకింద రాతి మందిరాలు, మంత్రంతో మూసుకునే ద్వారాలు, ఖైదీల గదులు ఉన్నాయి. సరస్సు మీది ఊరి నుంచి సరుకు పీపాల్లో వస్తుంది. ఖాళీ పీపాలు నదిలో తిరిగి వెళ్తాయి. 'ది హాబిట్'లో బిల్బో పదముగ్గురు ఖైదీలను ఆ పీపాల్లోనే తప్పిస్తాడు. "ఖాళీ వ్యాగన్లు తిరిగి వెళ్లడం లెక్క తెలిసిన రాజ్యమే నిజమైన రాజ్యం" అని మావాడి వాదన.

కానీ అసలు వాదన లోత్లోరియెన్ గురించే జరిగింది. ఆ అడవి అంత అందంగా ఉండడానికి కారణం గలాద్రియెల్ వేలికున్న నెన్యా అనే ఉంగరం. దాని బలంతో ఆమె అక్కడ కాలాన్ని వాడనివ్వకుండా కాపాడుతోంది. ప్రయాణికులు నెల రోజులు ఉంటారు, జనవరి 17 నుంచి ఫిబ్రవరి 16 వరకు. ఎన్నాళ్లు ఉన్నదీ వాళ్లకే లెక్క తెలియదు. అయితే ఫ్రోడో మోస్తున్న ఉంగరం నాశనమైతే నెన్యా బలమూ పోతుంది, రాజ్యం వాడిపోతుంది. నాశనం కాకపోతే శత్రువు చేతికి రాజ్యం దొరికిపోతుంది. ఎటు చూసినా పోయేదే. ఫ్రోడో తన ఉంగరాన్ని ఆమెకే ఇస్తానంటాడు. ఆమె వద్దంటుంది.

మేం ఇది మాట్లాడుకుంటున్న వారంలోనే మాలో ఒకమ్మాయి ఇంటికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఏప్రిల్‌లో వెళ్లాలి. పన్నెండో తరగతి కొత్త బడిలో. ఆమెకు ఇది ఏడో బడి. "కాలాన్ని ఆపగల ఉంగరం నా దగ్గర ఉంటే నేను ఎవరికీ రొట్టెలు కట్టి పంపను" అంది. మాలో మరొకరు, ఏమీ మారని చోటు మ్యూజియంలా ఉంటుందని అన్నారు. "ఏడు బడులు మారి చూసి అప్పుడు చెప్పు" అంది ఆమె. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

కొన్ని రోజులకు మూడో సంపుటం పూర్తిచేశాక జవాబు లాంటిది ఒకటి దొరికింది. వీడ్కోలు రోజున గలాద్రియెల్ శామ్‌కు ఒక చిన్న పెట్టె ఇస్తుంది. అందులో ఆమె తోట మట్టి, ఒక మల్లోర్న్ విత్తనం ఉంటాయి. శామ్ ఇల్లు చేరేసరికి ఊళ్లో చెట్లు నిజంగానే నరికేసి ఉంటాయి. అతను మట్టిని ఊరూరా చల్లుతాడు. ఊరి పెద్ద చెట్టును నరికేసిన చోట ఆ విత్తనం నాటుతాడు. మరుసటి వసంతంలో వెండి బెరడుతో మొక్క లేస్తుంది, ఏప్రిల్‌లో బంగారు పూలు పూస్తుంది. గలాద్రియెల్ సముద్రం దాటి వెళ్లిపోతుంది. ఏళ్లు గడిచాక ఆర్వెన్ రాణి కెరిన్ ఆమ్రోత్ గుట్టకు వచ్చేసరికి ఆ అడవిలో పాటలు లేవు. మల్లోర్న్ మాత్రం హాబిట్ల ఊళ్లో పెరుగుతూనే ఉంది.

తన రాజ్యం పోతుందని తెలిసీ, దాన్ని పోగొట్టే పని మీద వెళ్తున్నవాళ్లకే ఆమె రొట్టెలు, పడవలు, విత్తనం ఇచ్చి పంపింది. ఆ ధైర్యం మాకు పెద్ద యుద్ధాలకన్నా పెద్దదిగా కనిపించింది. అప్పుడు మా నలుగురికీ ఒకేసారి గుర్తొచ్చింది, మా అమ్మలందరూ వెళ్లిన ప్రతి క్వార్టర్సు పెరట్లోనూ కరివేపాకు మొక్క నాటారని. అది చెట్టయ్యేసరికి మేం ఆ ఊళ్లో ఉండం. తరువాత వచ్చినవాళ్లు, మా పేర్లు కూడా తెలియనివాళ్లు, దాని ఆకు కోసుకుని పోపులో వేసుకుంటారు. మేం వచ్చిన ఇంటి పెరట్లోనూ ఎవరో నాటిన చెట్టు ఒకటి ఉంటుంది.

బదిలీ మీద ఆమె కోపం ఇంకా తగ్గలేదు, తగ్గాలని మేమూ అనడం లేదు. కానీ మొన్న వాళ్ల పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లోంచి పిలకలు తవ్వి, మా ముగ్గురికీ తలొకటి పాత పాలపాకెట్లలో పెట్టి ఇచ్చింది. మూడూ నాటాం. రెండు చిగురు వేశాయి, మూడోదానికి రోజూ నీళ్లు పోస్తున్నాం.

మిత్రులారా, ఈ రాజ్యం చూడాలంటే మొదటి సంపుటంలో రెండో భాగం తెరవండి. ఆరు, ఏడు, ఎనిమిది అధ్యాయాలు చాలు. మా లైబ్రరీలో పుస్తకం ఇంగ్లిషు కథల అరలో కింది వరుసలో ఉంది. ఇప్పుడే తిరిగి ఇచ్చేశాం.